దండేసి వచ్చిన ఫోటో

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏంటంటే, మా ఆయన పడవ మీద రాకెట్టు ముక్క పడుతుందని.

నవ్వుకోండి. మా అత్తా నవ్వింది. మా నాగాయలంకలో చేపల వేట మీద బతికేవాళ్ళు గాలికి భయపడతారు, ఉప్పెనకి భయపడతారు. నేనూ భయపడతాను గానీ, వాటికి అలవాటు పడిపోయాను. ఇది కొత్త భయం. మొన్న శ్రీహరికోట నించి రాకెట్టు ఎగరేసే ముందు టీవీలో బొమ్మ వేసి మరీ చూపించారు. పైకి వెళ్ళేకొద్దీ కింది భాగాలు ఊడి సముద్రంలో పడిపోతాయంట. ఏ సముద్రమా అని చూశాను. మాదే. నేను చదివింది ఏడో తరగతే గానీ బంగాళాఖాతం అని రాస్తే చదవగలను.

అప్పటికి మా ఆయన ధనరాజు వేట నించి రావాల్సిన రోజు దాటిపోయింది.

దానికితోడు మా అమ్మాయి సునీత ఆట ఒకటి. మా తమ్ముడు తెచ్చిచ్చిన వీడియో గేము, టీవీకి తగిలించి ఆడేది. పైనించి రాళ్ళూ నిప్పులూ పడుతుంటే కింద బుల్లి ఓడ అటూ ఇటూ తప్పుకోవాలి.

"చచ్చిపోయినా ఫర్లేదమ్మా, ఇంకా రెండు లైఫులున్నాయి," అంది.

"ఆపవే ఆ మాయదారి ఆట!" అని వైరు పీకేశాను.

మా అత్త లక్ష్మీకాంతమ్మ ఎండు రొయ్యలు చెరుగుతూ, "అంత సముద్రంలో అది వెతుక్కుంటూ వచ్చి మావాడి నెత్తినే పడాలా? వాడికేమన్నా దాంతో చుట్టరికమా?" అంది. అందే గానీ, చేట దించి రేవు వైపు చూసింది.

ఇంట్లో ఆయనది ఒకే ఫోటో. పెళ్ళికి ముందుది. చెమ్మకి అంచులు ఊడిపోయాయి. నాన్న ఏడీ అని పిల్ల బెంగ పెట్టుకున్నప్పుడల్లా అదే చూపిస్తాను. అందుకని అంతకుముందు వారం బందరు వెళ్ళి, శోభనాద్రి గారి స్టూడియోలో పెద్దది చేయమని ఇచ్చొచ్చాను. ఆ రోజు ఒకటే వాన. కుంకుమ కారిపోయి, తల తడిసి, ఎలా ఉన్నానో ఏమో. "తొందరగా కావాలండీ, పాప బెంగ పెట్టుకుంది," అన్నాను. ఆ పెద్దాయన నన్నో చూపు చూసి, "నువ్వు మళ్ళీ రాకమ్మా, నేనే బస్సులో పంపిస్తాను. పిల్ల కోసమైనా ధైర్యంగా ఉండాలి," అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

రాకెట్టు లేచిన మధ్యాహ్నమే కండక్టరు ఆ పార్సిలు తెచ్చిచ్చాడు. అత్త తాడు తెంపి కాగితం విప్పింది.

మా ఆయనే. అద్దం మీద కుంకుమ బొట్టు. ఫ్రేముకి గంధపు దండ.

"ఎవడే వాడు, నా కొడుక్కి దండేసిందీ!" అని అత్త కేకపెట్టింది.

మాకన్నా ముందు బందరుకి కబురు అందిందా? అక్కడ హార్బరుంది, ఆఫీసులున్నాయి. పెద్దాయన దాచిపెట్టి ధైర్యం చెప్పాడా? ఫ్రేము వెనక నంబరుంటే ఎస్టీడీ బూతుకి పరిగెత్తాను.

"ఎవరు చెప్పారండీ మీకు? ఎక్కడ దొరికాడు?"

"ఎవరమ్మా?"

"నాగాయలంక. ధనరాజు. మీరు దండేశారు కదండీ!"

ఆ పెద్దాయన అన్నాడు: "నాకెవరూ చెప్పలేదు తల్లీ. ఉప్పెన నాటినించీ దివిసీమ నించి పాత ఫోటో తెచ్చి పెద్దది చేయమన్నారంటే పోయినవాళ్ళదే. నీ మొహాన బొట్టు లేదు, కళ్ళ నిండా నీళ్ళు. అడగలేకపోయాను. బతికున్న మనిషికి దండేశానా?" ఫోను కింద పడ్డ చప్పుడైంది.

చావు కబురు కాదని తేలింది. కానీ ఆయన ఇంకా రాలేదు కదా! రేవుకెళ్ళి కూర్చున్నాను, అత్తా పిల్లా కూడా వచ్చారు. పొద్దు వాలేవేళకి వేరే పడవ తాడు కట్టి లాక్కుంటూ వస్తుంటే, వెనక మా పడవ. పైన మా ఆయన, గడ్డం పెరిగి.

"ఇంజను ఆగిపోయింది," అన్నాడు, చేపల ధర చెప్పినట్టు.

"రాకెట్టు చూశావా?"

"నిద్రపోయాను."

"మరి ఇన్నాళ్ళూ ఏం తిన్నావయ్యా?"

"బియ్యం అయిపోయాయి. వలలో పడితే పారేస్తామే, ఎముకల్లేకుండా, సిరా కక్కుతుంది... దాన్నే ఆవకాయ ఊటలో ఉడకబెట్టాం. మొదట రబ్బరు చెప్పు నమిలినట్టుంది. తర్వాత రుచి తెలిసింది."

"ఛీ!" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ.

"రాకెట్టులో మనుషులు గొట్టంలోంచి పిండుకుని తింటారంట నాన్నా," అంది సునీత.

"అయితే వాళ్ళకన్నా మనమే నయం."

ఇంటికొచ్చి ఫోటో చూశాడు. "జుట్టు భలే నల్లగా వేశాడే," అన్నాడు. అద్దం మీది కుంకుమ బొటనవేలితో తీసి నా నుదుట పెట్టాడు. అత్త ఆ దండని కాలవలో పారేసి, చేతులు కడుక్కుని అన్నం వడ్డించింది. సునీత వైరు మళ్ళీ తగిలించుకుంటే ఎవరం ఏమీ అనలేదు.

ఇప్పుడు నా మనసంతా ఆ పెద్దాయన మీదే ఉంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. ఇంజను బాగయ్యేదాకా ఈయన కదలడు, పిల్లకి జ్వరం, నేను కదల్లేను. మీలో ఎవరైనా బందరు వెళ్తే కోనేరు సెంటరు వెనక సందులో శోభనాద్రి గారి స్టూడియో ఉంటుంది. ఒక్కసారి తలుపు కొట్టి ఎలా ఉన్నారో చూడండి. పలక్కపోతే కాసేపాగి మళ్ళీ కొట్టండి. ధనరాజు వచ్చేశాడని, ఫోటో గోడకి తగిలించామని చెప్పండి.