గేర్‌బాక్స్ నోటికి నెయ్యి

విప్పిన వస్తువును నెయ్యి తాకించకుండా మూయకూడదనీ, మూస్తే చూసినవాళ్ల దిష్టి లోపలే ఉండిపోతుందనీ ఈ నల్లరాతి ఎడారిలో అందరూ నమ్ముతారు. కొత్తగా నిలబెట్టిన గుడారపు గుంజకు రాస్తారు. కుట్టు వేసిన నీటితిత్తికి రాస్తారు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల నోరు తెరిచి నాలుక మీద పెడతారు. బండికి పెట్టగా ఏమైందో నేను ఒక్కసారే చూశాను.

నేను ఇక్కడి బడిలో ఇరవై తొమ్మిదేళ్లు సైన్సు చెప్పి విరమించినవాణ్ణి, అందరికీ ఉస్తాద్‌నే. మా పక్క గుడారం షలాష్‌ది. ఒకప్పుడు నా విద్యార్థి, ఇప్పుడు నలభై దాటినవాడు. అతని తమ్ముడు హాయిల్ రెండు వందల పన్నెండు గొర్రెలతో రాళ్ల మైదానానికి అవతల, నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. నాలుగు చక్రాలూ లాగే షలాష్ పికప్ రెండు రోజులకొకసారి అక్కడికి నీళ్లు మోసేది. ఆగస్టులో ఒక శనివారం దాని క్లచ్ ప్లేటు అరిగిపోయింది. ఆదివారం సాయంత్రానికి హాయిల్ దగ్గర తొట్టి ఎండిపోయింది. ఆ ఎండలో గొర్రె మూడు రోజులు ఓర్చుకుంటుంది. ఆపైన పడిపోవడం మొదలవుతుంది. ఊళ్లోని మిగతా బళ్లు మందలతో పడమటికి, కోతలైన పొలాల మేతకు వెళ్లాయి. పట్నపు నీళ్ల లారీల డ్రైవర్లు ఆ రాళ్ల పేరు వింటేనే ఫోను పెట్టేశారు.

కొత్త ప్లేటు సోమవారం సాయంత్రం బస్సులో వచ్చింది. అది వేయాలంటే గేర్‌బాక్స్ మొత్తం దించాలి. మంగళవారం తెల్లవారగానే మొదలుపెట్టాం.

గేర్‌బాక్స్ దించే జాకీ మా దగ్గర లేదు. షలాష్ గుడారపు నడిమి గుంజ ఊడదీసి, బండి తలుపులు రెండూ తెరిచి, అటునుంచి ఇటు అడ్డంగా పెట్టాడు. గేరు కడ్డీ తీసేసిన కంతలోంచి తాడు దించి పెట్టెను కట్టాడు. కింద అతను, పైన తాడు పట్టుకుని నేను.

ఆడవాళ్ల వైపు గుడారం నేలకు వాలిపోయింది. షలాష్ తల్లి నౌఫా దాని కిందనుంచి వంగి బయటికి వచ్చింది.

"ఇంటి వెన్నెముక పీకి బండి కడుపులో పెట్టావు. ఇంక నా వెన్ను కూడా కావాలా?"

"నీ వెన్ను పొట్టిది, యుమ్మా. అటు చివర అందదు" అన్నాడు షలాష్ బండి కిందనుంచి.

పది గంటలకు పెట్టె కిందికి దిగింది. పాత ప్లేటు తీసి, కొత్తది పెట్టి, గుడారపు మేకునొకదాన్ని సన్నగా చెక్కి దాంతో ప్లేటు సరిగ్గా నడిమికి వచ్చేలా సరిచూసుకున్నాం. ఇక పెట్టెను ఎత్తి బిగించడమే మిగిలింది. అప్పుడు నౌఫా నెయ్యి తిత్తి పట్టుకుని వచ్చింది.

"ఉస్తాద్, కొంచెం తాకించి మూయండి. పొద్దుట్నుంచి ఎంతమంది చూసిపోయారో."

"యుమ్మా, ఇదేమన్నా గొర్రెపిల్లా?"

"గొర్రెపిల్లే నయం. పుట్టిన గంటకి లేచి నడుస్తుంది. నీది తెల్లారినప్పట్నుంచి పడుకునే ఉంది."

నేను కలగజేసుకున్నాను. "రాయనీ, షలాష్. పెట్టె పైన రాస్తే నష్టమేమీ లేదు. ఒట్టి ఇనుము."

అదే సమయంలో ఫోను మోగింది. మా ఇద్దరికీ వినబడాలని షలాష్ మా గుడారం నీడకు వచ్చి స్పీకర్ పెట్టాడు. సిగ్నల్ కోసం హాయిల్ ఏ దిబ్బ ఎక్కాడో, గాలి హోరులోంచి అతని గొంతు తెగి తెగి వచ్చింది.

"అన్నా, ఛార్జింగ్ అయిపోవచ్చింది, విను. నిన్నటిదాకా అరిచాయి. ఇవాళ అరవడం మానేశాయి."

"సాయంత్రానికి నీ దగ్గరుంటాను."

"పాలిచ్చేవి ముందు పోతాయి. నా డబ్బాలో నీళ్లు వాటికి పోస్తున్నాను."

"నీకు ఉంచుకో, గాడిదా."

లైను తెగిపోయింది. మేము తిరిగివచ్చేసరికి నౌఫా తిత్తి మూతి కట్టి లోపలికి వెళ్లిపోతున్నది. పెట్టె పైభాగం పొడిగానే ఉంది. రాసి తుడిచిందనుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి చివరి బోల్టు బిగించాం. వాకిట్లో నాలుగు చుట్లు తిప్పితే బండి కొత్తదానిలా కదిలింది. నౌఫా నా వైపు చూసి చూశావా అన్నట్టు గడ్డం ఒకసారి పైకెత్తింది. వెయ్యి లీటర్ల టాంకీ నింపుకుని బయలుదేరాం.

పన్నెండో కిలోమీటరు దగ్గర వాగులోంచి పైకెక్కే రాతి ఏటవాలు ఉంది. సగం ఎక్కాక ఇంజన్ గట్టిగా అరిచింది, బండి మాత్రం ఆగిపోయింది. కాలి కిందినుంచి పొగ లేచింది. షలాష్ తల వంచి వాసన చూశాడు.

"ఇది మా అమ్మ నెయ్యి."

"వేడికి రబ్బరు కాలి ఉంటుంది" అన్నాను.

"నలభై ఏళ్లుగా తింటున్నాను, ఉస్తాద్. అందులో వేసే మూలికల వాసన నాకు తెలీదా? ఇది మా అమ్మ నెయ్యే."

ఆ బరువుతో బండి ముందుకు ఎక్కదు. వాగులోకి జారినా ఇటువైపు గట్టు ఎక్కించలేం. షలాష్ టాంకీ కుళాయి విప్పాడు. వెయ్యి లీటర్లు పోవడానికి పావుగంట పట్టింది. నల్లరాళ్ల మీద నీళ్లు పడినచోటే ఆవిరవుతుంటే అతను ముఖం తిప్పుకోకుండా చివరిదాకా చూశాడు. ఖాళీ బండి నడక వేగంతో ఇంటికి చేరింది.

బుధవారం తెల్లవారుతూనే గుంజ మళ్లీ బండిలోకి వచ్చింది. పెట్టె ఎనిమిదింటికల్లా దిగింది. గంటలా విచ్చుకున్న దాని ముందుభాగమూ, నడుమ నాలుకలా ముందుకు పొడుచుకొచ్చిన షాఫ్టూ పచ్చగా జిడ్డోడుతున్నాయి. ఇంజన్ వేడికి కరిగిన నెయ్యి, షాఫ్టు తిరిగే వేగానికి ప్లేటంతా చిమ్మి దాని పట్టు జార్చేసింది.

"ఎక్కడ పెట్టావు, యుమ్మా?" అని అడిగాడు షలాష్, ఏ మాత్రం గొంతు పెంచకుండా.

"నోట్లో. నాలుక మీద. ఇంకెక్కడ పెడతారు?"

"ఎంత?"

"పెద్దది కదా. పిడికెడు."

"నేను పైన అన్నాను, ఉమ్ షలాష్" అన్నాను నౌఫాతో.

ఆమె నా వైపు తిరిగింది. "నష్టం లేదన్నావా, లేదా? పైన నష్టం చెయ్యనిది లోపల మాత్రం ఎందుకు చేస్తుంది? నా నెయ్యి ఏమీ చెయ్యలేదు. నవ్వుకుంటూ చూశావే, ఆ కళ్లు చేశాయి."

నేను నిన్న అన్న మాట అదే. ఎక్కడ రాస్తావని మాత్రం అడగలేదు.

రెండో ప్లేటు లేదు. పాతది రివెట్ల దాకా అరిగిపోయింది. జిడ్డు పట్టినదాన్నే పెట్రోల్లో మూడుసార్లు కడిగి, రాతి మీద పెట్టి నిప్పంటించి, ఊరిన నెయ్యి కాలిపోయాక ఉప్పుకాగితంతో రుద్దాను. షాఫ్టును నౌఫా తలగుడ్డతో తుడిచాం. ఆమే విప్పి ఇచ్చింది. పదకొండింటికి పెట్టెను మళ్లీ పైకి లాగాం. దాని షాఫ్టు ప్లేటు కంతలోకి వెళ్లలేదు. రెండుసార్లు దించి ఎత్తాం. వెంట్రుకవాసి తేడా ఎక్కడో ఉంది. ఫోను మోగింది. బండి కిందనుంచి షలాష్ చెయ్యి చాచేలోపే ఆగిపోయింది. తిరిగి చేస్తే అవతల ఫోను ఆరిపోయి ఉంది.

మూడోసారి తాడు నా చేతుల్లోంచి జానెడు జారింది. షలాష్ ఎడమచేతి రెండు వేళ్లు పెట్టెకూ ఇంజన్‌కూ మధ్య నలిగాయి. అతను మూలిగాడు.

"బయటికి రా, కట్టుకడదాం. చూడు, బరువు ఒక పక్కకి—"

"గుండెల మీద పెట్టె ఉంది, ఉస్తాద్. పాఠం తర్వాత చెప్పండి. తాడు లాగండి."

లాగాను. ఎవరో నా మోచేతిని తాకారు. నౌఫా నెయ్యి తిత్తిని మూతికి రెండు ముళ్లు వేసి తెచ్చింది.

"ఇది నీ దగ్గర పెట్టుకో" అంది. "నా చేతిని నేను నమ్మను. వాడు మూలుగుతుంటే మళ్లీ రాసేస్తాను."

తిత్తిని బండిలో, నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఆమె నా వెనక నిలబడి తాడు చివర పట్టుకుంది. కింద షలాష్ కుడిచేత్తో షాఫ్టును కొద్దికొద్దిగా తిప్పుతూ భుజంతో నెట్టాడు. పెట్టె ఒక్కసారిగా లోపలికి జారి ఇంజన్‌కు అతుక్కుంది.

రెండున్నరకు నీళ్లు నింపుకుని బయలుదేరాం. ఏటవాలు దగ్గర షలాష్ చిన్న గేరు వేసి, కట్టు కట్టిన చేత్తో స్టీరింగు పట్టుకుని, ఎక్కడా ఆపకుండా ఎక్కించాడు. ప్లేటు పట్టు వదల్లేదు. అయిదూ ముప్పావుకు మంద దగ్గరికి చేరాం. హాయిల్ ఎండిన తొట్టి నీడలో పడుకుని ఉన్నాడు. స్పృహలో ఉన్నాడు. నాలుక వాచి మాట రాలేదు. చేత్తో గొర్రెల వైపు చూపించాడు.

రెండు వందల పన్నెండింటిలో నూట నలభై మూడు బతికి ఉన్నాయి. అరవై తొమ్మిది చనిపోయాయి. వాటిలో యాభై రెండు పాలిచ్చేవి. రెండోసారి బిగించినప్పుడు ఆ గేర్‌బాక్స్‌కు లోపలగానీ పైనగానీ నెయ్యి రాయలేదు. ఆ బండి అదే ప్లేటుతో పదకొండు నెలలు నీళ్లు మోసింది.