చింతపండు లారీ నిలబడ్డ చోటు

అసిరయ్య గోనెపట్టాలు తడుపుతూనే ఉన్నాడు. సాలూరు లారీలు ఘాటీ వైపు తిరిగే మలుపులో, తాళ్ళు కట్టి మూసిన రోడ్డుముక్క మీద పరిచిన పట్టాలవి. తారు కంకరలో కావాలనే సందులు ఉంచి, ఆ సందుల్లోకి సిమెంటు పాలు పోశారు. తారులా కాస్త వంగాలి, సిమెంటులా గట్టిగా నిలవాలి. రెండూ చేస్తుందో, రెంటికీ చెడ్డ రేవడి అవుతుందో ఈ రోజు పరీక్షలో తేలిపోతుంది.

అసిరయ్య వయసంతా ఈ మలుపుకే పోసేశాడు. ఎండలకి తారు మెత్తబడేది, బరువు లారీలు ఆగినచోటల్లా గుంట పడేది. అతను పూడ్చేవాడు, వాన మళ్ళీ తవ్వేది. చేసిన పని ఏడాదైనా నిలవదంటే ఏ పనివాడికైనా సిగ్గే. గోళ్ళు తారెక్కి నల్లబడ్డాయి. ఈమధ్య నాలుగు బిందెలు మోస్తే చాలు, రొప్పు ఎగదన్నుతోంది. అయినా సరే, ఒక్క ముక్కైనా నిలవాలి, అది తను చూడాలి.

పొద్దెక్కేసరికి పెళ్ళాం దాలమ్మ పెసర మొక్కల మోపు తెచ్చి, ఒక పట్టా పక్కకు లాగి, రోడ్డు మీద పరిచేసింది. ఆ చుట్టుపక్కల పెసరకి రోడ్డే కళ్ళం.

"ఒసే, ఎత్తు! కాయలు రాలగొట్టే కర్ర ఇక్కడ పడకూడదు."

"బళ్ళు రాని రోడ్డు కాళీగానే ఉన్నాది గదా మావా! నీ రోడ్డేటి బాలింతా? నీళ్ళు పోసి, గోనిలు కప్పి కాపు కాస్తన్నావు?"

"బాలింతే అనుకో. ఎత్తు."

తిట్టుకుంటూనే ఎత్తింది.

మధ్యాహ్నం పట్టాలు తీశారు. ఓవర్సీరు గణపతిరావు చింతపండు బస్తాలతో నిండిన డ్రైవరు చినబాబు లారీని మండుటెండలో ఆ రోడ్డుముక్క మీద నిలబెట్టించాడు. పొద్దు వాలేదాకా కదలకూడదు. అసిరయ్యని నీడకి పొమ్మన్నా పోలేదు. చక్రాల పక్కనే చతికిలబడ్డాడు. ఎడమచెయ్యి లాగుతోందని ఎవరితోనూ అనలేదు.

ఎండ తగ్గాక లారీ కదిలింది. వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకి ఉరికి, గట్టిగా బ్రేకు కొట్టింది. అందరికంటే ముందు అసిరయ్య మోకాళ్ళ మీద వంగి, చక్రాలు నిలిచినచోట అరచేత్తో తడిమాడు. ఓవర్సీరు గుంట పడిందేమోనని కొలబద్ద అడ్డంగా పెట్టి చూసి, బాగుందన్నట్టు తలూపాడు. అసిరయ్యకి ఏడుపొచ్చేంత సంతోషమైంది.

"దిగనేదు బాబూ! పెసరగింజ మందమైనా దిగనేదు," అన్నాడు. "కాసేపు నడుం వాలుస్తాను."

భుజం మీది తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని ఆ రోడ్డు మీదే పడుకున్నాడు. ఓవర్సీరూ చినబాబూ పక్కన నిలబడి మాట్లాడుకుంటున్నారు. దాలమ్మ వచ్చి భుజం పట్టి కుదిపింది.

"లే మావా, ఇంటికి పోదాం."

అసిరయ్య లేవలేదు. అప్పటికే ఊపిరి ఆగిపోయింది. చినబాబు లారీలోనే, బస్తాల మీద పడుకోబెట్టి ఇంటికి చేర్చారు.

మర్నాడు తాళ్ళు విప్పారు. మొదట వచ్చిన లారీ మలుపులో ఆగింది. డ్రైవరు దిగి, రోడ్డు మధ్యలో ఉండిపోయిన మడత తువ్వాలు తీసి గట్టున పెట్టాడు. తల ఆన్చిన చోట దానికి ఇంకా గుంట ఉంది.