సర్వోకో కుడికాలు

సర్వోకో మా అల్లుడి నోటికాడ కూడు లాగేసిన రోజునే నేను ఒట్టేసుకున్నాను. వీడి పరువు తీస్తాను, అదీ నలుగురిలో తీస్తాను, అదీ బస్సులోనే తీస్తాను అని.

అల్లుడంటే మా అన్న కూతురు విజీ మొగుడు, కర్మిన్. మాది ఇండోనేషియాలో సోలో అనే ఊరు. నేనూ కర్మినూ ఆ సర్వోకోగాడూ, ముగ్గురం ఒకప్పుడు డొక్కు వ్యాన్లు తోలినోళ్ళమే. ఆ వ్యాన్లకి స్టాపులూ గీపులూ ఉండేవి కావు. ఎక్కేవాడు చెయ్యెత్తితే ఎక్కించుకోడం, దిగేవాడు పైకప్పుని నాణెంతో టక్కుటక్కుమనిపించి "కిరీ!" అని కేకేస్తే ఆపడం. కిరీ అంటే ఎడం పక్క. ఎడం పక్కకి తీసి ఆపరా నాయనా అని దానర్థం. ఆ కేక పడిందంటే ముందు కాలు బ్రేకు మీద పడేది, ఆనక బుర్రకి తెలిసేది. సర్వోకో అయితే ఒకసారి శవం ఊరేగింపు మధ్యలో ఆపి ఇద్దర్ని దింపాడు, ఇంకొకడిని ఎక్కించుకున్నాడు కూడాను.

తర్వాత వ్యాన్లన్నీ తుక్కుకి పోయాయి. పెద్ద బస్సులొచ్చాయి. మమ్మల్ని కంపెనీలో డ్రైవర్లుగా తీసుకున్నారు. నాది మూడో క్లాసు చదువు కాబట్టి సందుల్లోంచి జనాన్ని మెయిన్ రోడ్డుకి చేరేసే చిన్న బండి ఇచ్చారు. కర్మిన్‌కి పెద్ద బస్సు దక్కింది. ఈ కొత్త పద్ధతిలో బస్సు నిండినా, ఖాళీగా ఈగలు తోలుకుంటూ తిరిగినా ఒకటే. తిరిగిన కిలోమీటర్లకే కంపెనీకి డబ్బులిస్తారు. కాబట్టి జనం కోసం పరుగుపందేలు లేవు. బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం ఒకేలాగుండాలి, స్టాపు దగ్గర ఎత్తరుగుకి ఆనించి ఆపాలి, అరుగు లేని చోట చచ్చినా తలుపు తెరవకూడదు. ఎందుకంటే ఆ తలుపు నడుమెత్తున ఉంటుంది, ముసలీముతకా దబ్బున పడతారు. డ్రైవరు నెత్తిమీదో కెమెరా, తలుపు మీదో కెమెరా. కొత్త కోడల్ని అత్తగారు కూడా అంతలా కాపలా కాయదు.

సర్వోకో మాత్రం బస్సు తోలలేదు. ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో ఏమో, కంట్రోలర్ అయి కూచున్నాడు. చేతిలో వాకీటాకీ, కళ్ళకి నల్లద్దాలు. "ముందు బస్సు, కాస్త నెమ్మది! వెనక బస్సు, కదులు!" అని రోడ్డుపక్కన నించుని అరవడమే పని.

వాడికి కర్మిన్ మీద పాత కచ్చ. వ్యాన్ల కాలంలో బజార్లో అమ్ముకునే ఆడవాళ్ళందరూ కర్మిన్ బండే ఎక్కేవాళ్ళు. వాడు దిగి బుట్టలు అందుకునేవాడు మరి. సర్వోకో వెనకాల ఖాళీ బండేసుకుని హారన్ కొట్టుకుంటూ వచ్చేవాడు. ఆ మంట కడుపులో అలాగే దాచుకున్నాడు.

పోయిన వానాకాలం అది బయటికి కక్కాడు. గినా అవ్వని మా బజార్లో తెలియనోళ్ళు లేరు, పెసర మొలకలు అమ్ముతుంది. ఆ రోజు ఆవిడ దిగాల్సిన స్టాపు చుట్టూ మోకాలి లోతు నీళ్ళు. కర్మిన్ బస్సుని స్టాపుకి కాస్త ముందే మెరక మీద ఆపి, తలుపు తెరిచి, కిందికి దూకి, అవ్వనీ బుట్టనీ చంటిపిల్లని దింపినట్టు దింపాడు. ఎదురుగా సూపుకొట్టు పట్టా కింద నించుని సర్వోకో అంతా ఫోన్లో తీశాడు.

కంపెనీవాళ్ళు మొదటి తప్పు కదా, హెచ్చరించి వదిలేద్దామన్నారట. వీడే పట్టుబట్టాడు. "హెచ్చరికలకి లొంగే జాతి కాదండీ వీళ్ళది. స్టాపు కాని చోట తలుపు తెరిచినోడెవడైనా సరే తీసిపారెయ్యండి, మిగతావాళ్ళకి బుద్ధొస్తుంది" అన్నాడు. తీసిపారేశారు. ఒక కంపెనీ తీసేసినోణ్ణి ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. అక్కడితో ఆగాడా? టీకొట్టు దగ్గర అందరూ వింటుండగా, "కర్మిన్‌కి బస్సెందుకు? ముసలాళ్ళ బుట్టలు మోసుకోమనండి, చేతనైన పని అదే" అన్నాడు.

ఆ మాట మా విజీ చెవిన పడింది. పిల్ల ఏడవలేదు. నా దగ్గరికొచ్చి, "బాబాయ్, ఊళ్ళో అందరితో వేళాకోళాలాడతావు కదా. నాకోసం ఒక్కటి ఆడు. ఆయన సీటు ఆయనకి రావాలి. అది లాక్కున్నోడు నా గుమ్మంలోకి తలొంచుకుని రావాలి" అంది.

"రెండు వరాలడిగావు, ఒక్కటన్నావు" అన్నాను.

"లెక్కలు రావు బాబాయ్, నీ పోలికే" అంది. నవ్వలేదు మాత్రం.

ఆలోచించగా ఆలోచించగా దారి ఓ పెళ్ళిలో దొరికింది. ఫొటో తీసేవాడు పెళ్ళివారిని ఎడం పక్కకి జరగమని "కిరీ, కిరీ!" అని కేకేశాడు. నా పక్కన కుర్చీలో సర్వోకో కూచునున్నాడు. వాడి కుడికాలు ఠపీమని నేలని తన్నింది. పాపం, మధ్యలో ముందు కూచున్న పెద్దాయన మడమ ఉంది. ఆయన కెవ్వుమన్నాడు, సర్వోకో సారీలు చెప్పుకున్నాడు. నేను మాత్రం పలావు ముద్ద నోట్లో పెట్టుకోడం మర్చిపోయి ఆ కాలినే చూస్తూ కూచున్నాను. ఓరి నీ అమ్మ కడుపు మాడా, నల్లద్దాలు పెట్టావు గానీ నీ కాలు ఇంకా వ్యాన్లోనే ఉందిరా!

దేవుడు కూడా మా విజీ పక్షమే. మా లైను కొత్త కూరల మార్కెట్ దాకా పొడిగించారు. మొదటి ట్రిప్పులో కంపెనీ పెద్ద మేనేజరు రెత్నో మేడం ఎక్కి చూస్తుందన్నారు. "బస్సెలా తోలాలో మేడంకి నేనే తోలి చూపిస్తాను" అని సర్వోకో తనే సీటెక్కుతానన్నాడు. ఈ మాట విన్న రోజు నేను రెండు ప్లేట్లు ఎక్కువ తిన్నాను.

బజార్లో అమ్ముకునే ఆడవాళ్ళందర్నీ కూడగట్టాను. మిరపకాయలమ్మే తుమిరా ఎగిరి గంతేసింది. "కర్మిన్ కోసమైతే కిరీ ఏంటి జుమాదీ, కావాలంటే పూనకం కూడా తెచ్చుకుంటా" అంది. గినా అవ్వ మాత్రం విదిలించి కొట్టింది.

"పోరా పోకిరీ వెధవా! నెరిసిన జుట్టేసుకుని కోతి ఆటలా? నాకు మొలకలమ్ముకునే పనుంది."

"నీ మూలంగానే కదే అవ్వా వాడి సీటు పోయింది."

"అందుకే వాడి పేరు చెప్పి దొంగకేకలు వెయ్యను. బస్సు మా సందు మీంచి పోతే ఎక్కుతాను, అంతే."

ఇంక బతిమాలలేదు.

ఆ రోజు బస్సు కడిగిన ముత్యంలా ఉంది. సర్వోకో జుట్టుకి నూనె రాసి, షర్టు గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. రెత్నో మేడం ముందు సీట్లో, చిన్నగా నవ్వుతూ కూచుంది. బుట్టలతో మా ఆడవాళ్ళు ఎక్కారు. నేను ఆఖరున ఎక్కి కార్డు గీకితే సర్వోకో అద్దంలో చూశాడు.

"నీకేం పని ఇక్కడ?"

"మొదటి ట్రిప్పు కదా బావా, దిష్టి తీద్దామని."

బస్సు కదిలింది. బాగానే తోలుతున్నాడు, అబద్ధమెందుకు. బస్సుని అరుగుకి అగ్గిపుల్ల దూరనంత దగ్గరగా ఆనించాడు. మేడం తల ఊపింది. రెండో స్టాపు దాటాక తుమిరా నాణెంతో కమ్మీని టకటకలాడించి "కిరీ!" అని సన్నగా అంది. వాడి మోకాలు ఇంతెత్తు లేచింది. బ్రేకు దాకా వెళ్ళి, ఆగిపోయింది. అద్దంలో వాడి కళ్ళు నా మీదికొచ్చాయి. అర్థమైపోయింది వాడికి.

"బెల్లు నొక్కాలమ్మా బెల్లు, ఇది వ్యాను కాదు" అన్నాడు మేడంకి వినపడేలా. ఆవిడ మళ్ళీ తల ఊపింది.

ఇంకొకావిడ అరిచింది. మోకాలు అదిరింది, పాదం పడలేదు. నేనే గొంతు మార్చి వెనకనించి ఒకటి వదిలాను. వాడు పళ్ళు బయటపెట్టి అద్దంలో నవ్వాడు. తెచ్చిపెట్టుకున్న కేకని కాలు కూడా పసిగడుతుందని నాకు అప్పుడే తెలిసింది. తుమిరా నా వైపు తిరిగి, "ఏం జుమాదీ, నీ మంత్రం పారట్లేదే" అని మూతి తిప్పింది. ఇవాళ తప్పితే కర్మిన్ సంగతి అంతే. నా వేళాకోళం వల్ల సర్వోకో మేడం దగ్గర ఇంకో మెట్టు పైకెక్కేలా ఉన్నాడు.

గినా అవ్వ అదే బస్సులో ఉంది. కిటికీకి తలానించి, బుట్ట ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరుచుకుని గురక పెడుతోంది. పొద్దున్నే లేచే మనిషి మరి. కొత్త దారి ఆవిడ సందు మీంచే పోతుంది గానీ స్టాపు ఇంకా ముందుకుంది. సందు మొదట్లో పళ్ళబండివాడు హారన్ కొట్టాడు. అవ్వ ఉలిక్కిపడి లేచింది. కిటికీలోంచి తన సందు వెనక్కి జారిపోతోంది.

"కిరీ! కిరీ నాయనా, ఆపవయ్యా!"

అది వేషం కాదండీ. ముప్ఫై ఏళ్ళ పాటు మా అందరి వీపుల మీద పడిన కేక. నేను కూచున్నచోట నా కాలే నేలని తన్నింది. ఇంక సర్వోకో సంగతి చెప్పాలా? బస్సు కుయ్యోమని ఎడం పక్కకి తిరిగింది. బుట్టలు దొర్లాయి, తుమిరా మిరపకాయలు నడవ నిండా పరుచుకున్నాయి. కాలు బ్రేకు మీద, చెయ్యి తలుపు మీట మీద. తలుపు బుస్సుమని తెరుచుకుంది. అరుగు లేదు, స్టాపు లేదు, కింద కాలవ.

సర్వోకో తన చేతిని తనే చూసుకుంటున్నాడు, ఎవరిదో చెయ్యి అన్నట్టు.

అవ్వకి ఇవేమీ పట్టలేదు. తలుపు దగ్గరికొచ్చి కిందికి చూసి, "ఎంత లోతురా బాబూ! దింపు నాయనా. ముందు బుట్ట అందుకో" అంది. మా దగ్గర ముసలావిడ అలా అడిగితే కాదన్నవాణ్ణి ఊళ్ళో ఉండనివ్వరు. నల్లద్దాలు జేబులో పెట్టుకుని దిగాడు. బుట్ట మోశాడు. అవ్వని మోశాడు. తడి మొలకలు వాడి షర్టంతా అంటుకున్నాయి.

"కర్మినంత మంచోడివి నాయనా నువ్వు" అని వాడి చెంప తట్టి, సందులోకి వెళ్ళిపోయింది అవ్వ.

వాడు తిరిగొచ్చి సీట్లో కూచున్నాడు. రెత్నో మేడం లేచింది. నవ్వు లేదు, కోపమూ లేదు.

"సర్వోకో గారూ, కర్మిన్ అనే ఆయన్ని ఏం తప్పుకి తీసేశాం మనం?"

"అదీ... స్టాపు కాని చోట తలుపు తెరిచాడని మేడం."

"ఎవరికోసం?"

"ఈ అవ్వకోసమేనండీ!" అని తుమిరా మిరపకాయలు ఏరుకుంటూనే అరిచింది.

"హెచ్చరిక చాలదు, తీసెయ్యమన్నది మీరే కదా. ఒకే తప్పుకి రెండు తీర్పులుండవు. ఇద్దరూ ఉండాలో ఇద్దరూ పోవాలో మీరే చెప్పండి."

ఒక్క నిమిషం నాకు నిజంగా భయమేసింది. వీడి కచ్చ నాకు తెలుసు. కర్మిన్ రాకుండా ఉంటుందంటే తన సీటు కూడా తగలబెట్టుకునే రకం. అద్దంలో నన్ను చూశాడు. నేను నవ్వలేదు.

"కర్మిన్‌ది... తీసేసేంత తప్పు కాదు మేడం" అని గొణిగాడు.

"వెనకాలోళ్ళకి వినపళ్ళేదు బావా!" అన్నాను.

"తప్పు కాదు!"

"ఎవరిది?"

"కర్మిన్‌ది తప్పు కాదు!" అని గట్టిగా అరిచాడు. మెడ నరాలు పొంగాయి. ఆ అరుపు నాకు పెళ్ళి సన్నాయిలా వినపడింది.

మేడం కూచుంటూ, "ఇద్దరికీ హెచ్చరికతో సరిపెడదాం. రేపటినించి ఆయన్ని డ్యూటీకి రమ్మని మీరే ఇంటికెళ్ళి చెప్పండి. ఫోన్లో కాదు. ఇక తలుపు వెయ్యండి, వెనక బస్సు వచ్చేస్తుంది" అంది.

సాయంత్రం ఎండ ఉండగానే వచ్చాడు. అప్పటికే నేను కర్మిన్ ఇంటి వసారాలో మంచి కుర్చీ చూసుకుని కూచున్నాను. కర్మిన్ లేచి, "రండన్నా, కూచోండి" అన్నాడు. వాడొట్టి మెత్తనోడు, ఆ రెండు మాటలకే కరిగిపోయేలా ఉన్నాడు. సర్వోకో తలొంచుకుని చెప్పాల్సింది చెప్పాడు. రేపు పొద్దుటి బస్సు నీదే అన్నాడు. చెప్పేసి వెంటనే లేవబోయాడు.

"అయ్యో, టీ పెడుతున్నా. గుమ్మంలోకొచ్చి ఏమీ తాగకుండా పోతారా?" అని లోపల్నించి విజీ గొంతు. మర్యాదంటే మర్యాదే. వాడు కూచున్నాడు.

మల్లెపూల టీ, మూతలేసిన గ్లాసుల్లో తెచ్చింది. నా ముందొకటి, మొగుడి ముందొకటి, వాడి ముందొకటి పెట్టింది. పక్కన వేయించిన పల్లీలు. "తీసుకో బాబాయ్" అంది. "తీసుకోండి" అని మొగుడితో అంది. సర్వోకో వైపు చూసి చక్కగా నవ్వి, ట్రే ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూచుంది. అంతే.

మా ఇళ్ళల్లో ఇంటావిడ "తీసుకోండి" అనకుండా చుట్టం గ్లాసు ముట్టుకోడు. ముట్టుకుంటే వాడంత సిగ్గులేనివాడు లేడు. ముట్టుకోకుండా లేచిపోతే ఇంటివాళ్ళని అవమానించినట్టు. సర్వోకో చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని గ్లాసుకేసి చూస్తూ కూచున్నాడు. నేను జుర్రుజుర్రుమని తాగాను, పల్లీలు కరకరలాడించాను. కర్మిన్ పెళ్ళాం వైపు కళ్ళతో బతిమాలాడు. విజీ వానల గురించి మాట్లాడింది, మిరపకాయల ధర గురించి మాట్లాడింది, సర్వోకో పిల్లల చదువులు అడిగింది. వాడు ఎండిన నోటితో అన్నిటికీ జవాబు చెప్పాడు.

గ్లాసు చుట్టూ చీమలు చేరాయి. విజీ లేచి మూత తీసి చూసింది.

"అయ్యో, చల్లారిపోయిందే! ఉండండి, వేడిది తెస్తాను."

వేడిది తెచ్చింది. వాడి ముందు పెట్టింది. మళ్ళీ వెళ్ళి గడప మీద కూచుంది.