సీటు కొలత

పొద్దున్నే కారు తలుపు తీయగానే ఫెబా చేసే మొదటి పని సీటు ముందుకి లాక్కోవడం. సీటు కింద చెయ్యి పెట్టి, ఇనప లివరు ఎత్తిపట్టి, ఒళ్ళంతా ఊపి జరుపుకోవాలి. వెనక సీట్లోకి గిరాటేసి ఉన్న దిండు తెచ్చి నడుము వెనక పెట్టుకోవాలి. ఆ తర్వాత అద్దాలు. ముందటి అద్దంలో కారు కప్పు, పక్క అద్దంలో ఆకాశం కనబడుతుంటాయి. భర్త కృపాకర్ నిన్న సాయంత్రం బండి తీశాడంటే ఇవన్నీ తప్పవు. తాగిన గ్లాసు టీవీ మీద, విప్పిన బనీను తలుపు మీద, తోసిన సీటు వెనక్కి. ఇల్లు సర్దినట్టే బండినీ సర్దుకోవాలి. "సీటు ఎనక్కి తొయ్యకపోతే నా కాళ్ళు ఎక్కడ పెట్టుకోమంటావు, నెత్తిమీదా?" అన్నాడు ఒకసారి. నిజమే, ఆ ఇంట్లో మగవాళ్ళందరూ తాటిచెట్లు. ఫెబా అయిదడుగులు కూడా నిండదు. దిగేటప్పుడు మళ్ళీ ముందుకి జరిపి దిగొచ్చు కదా అన్న సంగతి ఆయనకి తట్టలేదు, ఈవిడ అడగలేదు.

అప్పటికే ఒక పూట పని అయిపోయి ఉంటుంది. అన్నం, కూర, తనకీ ఆయనకీ కేరేజీలు, అత్తగారికి షుగరు సూది. ఆ సూది పొడిచి, ఇంకొందరికి సూదులు పొడవడానికి నక్కపల్లి ఆస్పత్రికి బయల్దేరుతుంది. అక్కడ స్టాఫ్ నర్సుగా చేసేదానికి జీతం ఉంది. ఇంట్లో సూదికి మాత్రం "నెమ్మదిగా పొడవ్వే, ఏటా సెయ్యి?" అన్న మాటే జీతం.

ఇంతకీ ఆ బండి సంగతి చెప్పాలి. తొంభై ఏడు మోడల్ జెన్ కారు. మూడేళ్ళ కిందట, తన జీతంలో దాచుకున్న దానితో విశాఖపట్నంలో ఒక డాక్టరు దగ్గర కొనుక్కుంది. తనే నడుపుకుంటూ అనకాపల్లి తెచ్చింది. రంగు వెలిసిపోయి, తలుపుల కింద తుప్పు పట్టి ఉన్న దాన్ని చూసి అత్తగారు రూతమ్మ, "ఏటే ఇది, పాత సామాన్లోడికి ఎయ్యడానికి తెచ్చేవా?" అంది. కృపాకర్ దానికి డబ్బా అని పేరు పెట్టాడు.  ఫెబా నాన్న జాన్ బాబు మిషన్ ఆస్పత్రి జీపు నడిపేవాడు. పెళ్ళి కాకముందే కూతుర్ని దిండు మీద కూర్చోబెట్టి స్టీరింగు పట్టించాడు. బండి బాగుందో లేదో చూసి కాదు, విని చెప్పాలని నేర్పాడు. డబ్బా లోపల ఇంజను ఎంత బాగుందో ఆమె విన్నది.

అప్పణ్ణించి వీలైనప్పుడల్లా, బైపాస్ పక్కనున్న త్రినాధరావు షెడ్డుకి తీసుకెళ్ళి ఒక్కొక్కటే చేయించుకుంది. గట్టి షాక్ అబ్జార్బర్లు, వెడల్పు టైర్లు, అల్లాయ్ చక్రాలు, చేతికి అందేటట్టు పొట్టి గేరు రాడ్డు, చిన్న స్టీరింగు. సైలెన్సరు మార్పించాక బండి గొంతే మారిపోయింది. చివర్న ఎర్ర రంగు. మలుపులో వేస్తే రోడ్డుని కరుచుకుని తిరిగేది. పాత బండికి ఇంత ముస్తాబు ఎందుకూ అంటే, ఇష్టం కాబట్టి. ఆడదానికి ఇష్టమన్నది ఒకటుంటే దానికి సంజాయిషీ చెప్పాలా? కశింకోట దాటాక రోడ్డు ఖాళీ అయితే మూడో గేరులో ఆ ఇంజను పాడుతుంటే, ఆ కాసేపూ ఆమె ఎవరికీ కోడలు కాదు, ఎవరికీ సిస్టరు కాదు.

బండి మెరిసింది. మెరిసిన మర్నాటికే డబ్బా కాస్తా "నా జెన్ను" అయిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! కృపాకర్ సాయంత్రాలు స్నేహితుల్ని ఎక్కించుకుని బైపాస్ మీద తిప్పేవాడు. ఊళ్ళో మాత్రం బెల్లం లారీలన్నా, ఆటోలన్నా ఆయనకి చెమట్లు. అందుకని ఆదివారాలు ఒక ఏర్పాటుండేది. ఇంటి దగ్గర్నించి మెయిన్ రోడ్డంతా ఫెబా నడపాలి. చర్చి సందు మొదట్లో కిరాణా కొట్టు దగ్గర ఆపి దిగాలి. ఆయన ఇటొచ్చి కూర్చుని, సీటు వెనక్కి తోసి, ఆ కాస్త సందూ నడిపి చర్చి ఆవరణలోకి తీసుకెళ్తాడు. "పెళ్ళాం నడుపుతుంటే మొగుడు పక్కన కూకుంటే జనం ఏటనుకుంటారు?" అన్నాడు. జనం ఏమనుకున్నారంటే, "కృపాకర్ గారూ, బండి భలే తయారుచేసేరండీ" అనుకున్నారు. "ఏదో, హాబీ అండీ" అని ఆయన నవ్వాడు. పక్కన బైబిలు పట్టుకుని ఫెబా కూడా నవ్వింది. 

బండి కొన్న కొత్తలోనూ అంతే. వాళ్ళ సంఘంలో కొత్తగా బండి కొంటే ఆదివారం చర్చి ముందు నిలబెట్టి ప్రార్థన చేయిస్తారు. తెరిచిన బైబిలు మీద తాళం పెడితే, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి, ఆ తాళం బండి నడిపేవాళ్ళ చేతికిస్తారు. ఆవేళ తాళం పెట్టింది ఫెబా. అయ్యగారు తీసి ఇచ్చింది కృపాకర్‌కి. ఆయన ఫొటో కూడా తీయించుకున్నాడు. అది ఇప్పటికీ హాల్లో ఉంది.

ఇదంతా అలవాటైపోయేదే. ఆ గురువారం జరిగింది జరక్కపోతే.

కశింకోట అవతల రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఒక లారీని దాటడానికి ఫెబా యాక్సిలేటరు నొక్కింది. సీటు కింద టక్కుమంది. అంతే, సీటు సీటంతా జర్రున వెనక్కి పోయింది. కాళ్ళు గాల్లో ఉన్నాయి. స్టీరింగుకి వేలాడుతోంది తను. ముందు లారీ, వెనక లారీ, ఆ వెనకవాడు చెవులు పగిలేట్టు హారను కొడుతున్నాడు. స్టీరింగు పట్టుకుని ఒళ్ళు ముందుకి లాక్కుని, కాలి బొటనవేలి కొసతో బ్రేకు తొక్కి, మట్టిలోకి దించి ఆపింది.  "తండ్రీ" అన్న మాట తప్ప ఇంకో మాట రాలేదు. డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి సూదులు పొడిచింది.

సాయంత్రం చెబితే కృపాకర్ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు. "సరిగ్గా బిగించుకోవాలి కదా. దిండులేసుకుని బండి తోల్తే అలాగే ఉంటాది." రూతమ్మ గదిలోంచి, "ఊరుకున్నంత ఉత్తమం నేదే. బస్సులుండగా ఎందుకీ తిప్పలు?" అంది.

బస్సుల మాట ఎందుకొచ్చిందో శుక్రవారం భోజనాల దగ్గర తెలిసింది. మరిది అరుణ్ కుమార్‌కి మందుల కంపెనీలో రెప్పు ఉద్యోగం వచ్చింది. నర్సీపట్నం, కోటవురట్ల అంతా డాక్టర్ల చుట్టూ తిరగాలి.

"బండి వాడికిచ్చేద్దాం," అన్నాడు కృపాకర్, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "అయ్యగారితో చెప్పీసేను. ఆదివారం ఆరాధనకి ముందే ప్రార్థన చేసి తాళం వాడి చేతికిస్తారు. నీకు నక్కపల్లికి బస్సులు బోలెడు."

"అది నా బండండీ."

"మనలో మనకి నీదీ నాదీ ఏటి ఫెబా? అన్నట్టు ఆ సీటు కదులుతోందన్నావు కదా. రేపు త్రినాధరావు దగ్గరికెళ్ళి బాగా బిగించి తీసుకురా. వాడు పొడుగ్గా ఉంటాడు, ఇబ్బంది పడకూడదు. నీకైతే అతను బాగా తెలుసు."

ఫెబా చెయ్యి గరిటె మీద ఆగిపోయింది. తను లారీల మధ్య గాల్లో వేలాడితే తన తప్పు. వాడింకా కూర్చోకుండానే సీటు తప్పు. ఇచ్చేసే బండిని బాగుచేయించి తెచ్చే చాకిరీ కూడా తనదే. నీదీ నాదీ లేని ఈ ఇంట్లో అంట్లగిన్నెలు మాత్రం ఎప్పుడూ నావేనేం? అడగాలనిపించింది. అడిగితే ఏమవుతుందో తెలుసు. రెండ్రోజులు మాటలుండవు, అత్తగారు అన్నం ముందు కూర్చుని కన్నీళ్ళతో ప్రార్థన చేస్తుంది, చివరికి తనే క్షమించమనాలి. గరిటె తీసి పెరుగు వడ్డించింది.

శనివారం సెలవు. త్రినాధరావు సీటు ఊడబెరికి చూసి పెదవి విరిచాడు. ఆయన మంచివాడే కానీ ఒక జబ్బుంది. ఫెబా ఏది చేయించబోయినా "సారుకి చెప్పేరా?" అని అడక్కుండా స్పానరు పట్టడు.

"లివరు పళ్ళు అరిగిపోనాయి సిస్టరుగారూ. పొద్దున్న ముందుకి, సాయంత్రం ఎనక్కి తోత్తే ఇనుమైనా ఎన్నాళ్ళు కాత్తాది? ఈ మోడల్ సీటుకి కొత్త పట్టాలు దొరకవు."

"మరేం చేస్తారు?"

"ఒక్క చోట నిలబెట్టి బోల్టులేసి వెల్డింగు పెట్టీగలను. ఇంక జన్మలో కదల్దు. కానీ ఒక్కలి కొలతకే. సారు కొలతకే కదా? సారుకి ఓపాలి ఫోను కొట్టనా?"

 త్రినాధరావు చాలా మామూలుగా అడిగాడు. సారు కొలతకే కదా. ఆ ఇంట్లో అన్నీ ఆ కొలతకే ఉన్నాయి. అటక మీద డబ్బాలు, గోడ మీద అద్దం, బట్టలారేసే తీగ. అన్నిటికీ ఫెబా మునివేళ్ళ మీద నిలబడుతూనే ఉంది. ఆ మాటకొస్తే పెళ్ళయినప్పట్నించీ మునివేళ్ళ మీదే ఉంది. గురువారం బ్రేకు తొక్కింది కూడా ఆ కొసవేలితోనే. ఆ వేలు అందకపోయుంటే? హాల్లో ఇంకో ఫొటో ఉండేది, దండతో. దిండు పెట్టుకుని నడిపేదని జాలిగా చెప్పుకునేవాళ్ళు.

"నన్ను కూర్చోబెట్టి కొలవండి," అంది.

"మరి సారు..."

"బండి నాది బాబూ. కొలవండి. రెండంగుళాలు ఎత్తు కూడా పెంచండి. లివరు తీసి పారెయ్యండి."

త్రినాధరావు ఆమె మొహం చూశాడు. ఫోను జేబులో పెట్టేసుకుని టేపు తీశాడు. వెల్డింగు వెలుగు చూడకూడదని అటు తిరిగి నిలబడ్డా, ఆ చిటపటలన్నీ ఆమె ఒంటి మీదే పడుతున్నట్టున్నాయి. వద్దు, ఆపండి అందామని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అనలేదు. ఇంటికెళ్ళాక దిండు తీసి మంచం మీద పడేసింది. దిండు ఉండాల్సింది అక్కడ.

"సీటు చేయించేవా?" అడిగాడు కృపాకర్.

"చేయించేను."

"గట్టిగా ఉందా?"

"కదల్దు."

ఆయన లేచి చూడలేదు. ఆవిడకి అప్పజెప్పిన పని ఏనాడు చూశాడని! 

ఆదివారం మెయిన్ రోడ్డంతా ఆమే నడిపింది. కృపాకర్ ఎడమ పక్కన ఇస్త్రీ చొక్కాతో, వెనక రూతమ్మ ఒళ్ళో బైబిలుతో. అరుణ్ నర్సీపట్నం నించి బస్సులో తిన్నగా చర్చికే వస్తానన్నాడు. కిరాణా కొట్టు దగ్గర కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. అలవాటు. కృపాకర్ దిగి చుట్టూ తిరిగి వచ్చాడు. ఫెబా దిగి పక్కకి నిలబడింది.

ఆయన ఒక కాలు లోపల పెట్టాడు. మోకాలు స్టీరింగుకి కొట్టుకుంది. తల కప్పుకి ఆనింది. సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఇటు తడిమాడు, అటు తడిమాడు.

"లివరేదీ?"

"లేదండి."

"లేదంటే ఏటి?"

"తీయించేసి వెల్డింగు పెట్టించేను. నా కొలతకి."

"నీ కొలతకా? మరి అరుణ్ ఎలా కూకుంటాడు?"

"కూర్చోలేడు."

కారు తలుపు పట్టుకునే అంది.  

"నీకు మతి పోయిందేటి?" పళ్ళ మధ్యనించి అన్నాడు. గట్టిగా అనడానికి లేదు, సందులో జనం నడిచి వెళ్తున్నారు. పాటల బృందంలో పాడే చిన్నమ్మలు దగ్గరికొచ్చి, "వందనాలు అన్నయ్యా! బండి ప్రార్థన ఈవేళేనటగా!" అంది. కారులో సగం, బయట సగం మడతపడి ఉన్న మనిషి మొహానికి నవ్వు పులుముకుని "వందనాలమ్మా" అన్నాడు. ఫెబాకి ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెంటినీ మింగింది.

ఆయన ఎలాగో బయటపడ్డాడు. "అందరికీ చెప్పీసేను. ఇప్పుడు నా పరువేటవ్వాలి?"

"గురువారం నేను చచ్చిపోయేదాన్నండీ. అప్పుడే చెప్పేను. మీరు టీవీ చూస్తున్నారు."

 వెనక సీట్లో రూతమ్మ అన్నీ వింటూనే ఉంది. ఇంక ఆవిడ ఏం రాయి వేస్తుందోనని ఫెబా బిగుసుకుపోయింది. రూతమ్మ కోడల్ని చూసింది, కొడుకుని చూసింది.

"ఒరే, లోపల పాట మొదలెట్టీసినారు. ఆ పక్కన ఎక్కితే ఎక్కు, నేకపోతే నడిసి రా. నా మోకాళ్ళు మాత్రం నడవ్వు," అంది.

అత్తగారు కోడలి పక్షాన మాట్లాడిందో, మోకాళ్ళ పక్షాన మాట్లాడిందో ఫెబాకి అర్థం కాలేదు.  కృపాకర్ ఎడమవైపు ఎక్కి తలుపు దభేలున వేసుకున్నాడు.

ఫెబా తన సీట్లో కూర్చుంది. అద్దం సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. సర్దాల్సిన పనిలేదు. వెనక రూతమ్మ మొహం, ఆ వెనక సందు, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. గేరు వేసింది. సందు పొడుగునా తలలు తిరిగాయి. ఆమె డ్రైవరు సీట్లో, ఆయన పక్కన. కృపాకర్ తన మోకాళ్ళ వంకే చూసుకుంటున్నాడు.

చర్చి మెట్ల దగ్గర అయ్యగారు తెరిచిన బైబిలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన పక్కన కొత్త బూట్లతో అరుణ్. బండి ఆగగానే అయ్యగారు అలవాటుగా కృపాకర్ కూర్చున్న వైపు వచ్చి, కిటికీలోంచి బైబిలు చాపారు. కృపాకర్ చేతుల్లో ఏమీ లేదు.

ఫెబా ఇంజను ఆపి, తాళం తీసుకుని, దిగి బండి చుట్టూ నడిచి వచ్చింది. అరుణ్ చెయ్యి చాపబోయాడు. ఆమె తాళం బైబిలు మీద పెట్టింది. పెట్టి, దాని మీంచి వేలు తియ్యలేదు.

"ప్రార్థన చెయ్యండి అయ్యగారూ," అంది. "రేపు పొద్దున్నే దీన్ని నేను నక్కపల్లి నడుపుకెళ్ళాలి."