కుదురుకోని సిలిండర్

వరహాలక్ష్మికి తుపాకుల గురించి ఏమీ తెలీదు. తెలుసుకోవాలని కూడా ఎన్నడూ అనుకోలేదు. అలాంటి మనిషి ఆ పొద్దున నర్సీపట్నంలో తుపాకులు బాగుచేసే తాతబ్బాయి షాపులో బెంచీ అంచున కూర్చుని, తప్పంతా ఆ ఇనుప ముక్కదే కావాలని తెలిసిన దేవతలందరికీ మొక్కేస్తోంది. దానిది కాకపోతే ఆ తప్పు ఆమె భర్త బుల్లిబాబుదవుతుంది మరి.

కిందటేడు దసరా వెళ్లిన కొన్నాళ్లకు చెరకులో అడవిపందులు పడ్డాయి. బుల్లిబాబు తన తండ్రి నాటి లైసెన్సు రివాల్వర్ తీసుకెళ్లి, వాటిని బెదిరించడానికి గాల్లోకి పేల్చాడు. పక్కనే టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ తమ్ముడు నాగేంద్ర కంట్లో సీసం ముక్క దిగింది. కన్ను పోయింది. గాల్లోకి పేల్చిన గుండు పక్కవాడి కంట్లోకి ఎలా వచ్చిందో బుల్లిబాబుకే అంతుపట్టలేదు. పోలీసులు ప్రమాదమని తేల్చి చేతులు దులుపుకున్నారు. కానీ జీడితోట పంపకం దగ్గర అన్నదమ్ములు గొంతులు చించుకున్నది సరిగ్గా ఆ మధ్యాహ్నమే. అన్న కావాలనే తన వైపు తిప్పాడని నాగేంద్ర మనసులో పడిపోయింది. భార్య సాయిలక్ష్మిని తీసుకుని కృష్ణదేవిపేటలో అత్తవారి పక్కన ఇల్లు చూసుకున్నాడు. అన్న పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు.

వరహాలక్ష్మి కాపురానికొచ్చేటప్పటికి నాగేంద్ర తల్లి లేని పసివాడు. అన్నం కలిపి పెట్టింది, తలంటు పోసింది, జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని తెల్లవార్లూ కూర్చుంది. ఆ పిల్లాడూ, ఈ మొగుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బతకడం ఆమెకు నరకంగా ఉంది. కోర్టు నుంచి రివాల్వర్ తిరిగి చేతికి రాగానే, చూపించి తీరాలని పట్టుబట్టి మొగుణ్ణి లాక్కొచ్చింది.

తాతబ్బాయి పోలీసుల తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. ముక్కు మీద కోపం, నోటి నిండా కిళ్లీ. రివాల్వర్ ఖాళీగా ఉందో లేదో తనే రెండుసార్లు చూసుకున్నాడు. సన్నటి ఇత్తడి కడ్డీని గొట్టంలోంచి లోపలికి జార్చాడు. అది గుండ్లు పెట్టే సిలిండర్‌లోని అరలోకి దిగకుండా అంచుకి తట్టుకుని టిక్కుమంది. సిలిండర్ని వేలితో రవ్వంత నెడితే సరసరా దిగిపోయింది. వెనకున్న హ్యామర్ని బొటనవేలితో మెల్లగా లాగి ఇంకో అర చూశాడు. అక్కడా టిక్కుమంది.

"అదన్నమాట సంగతి!" అన్నాడు. "సూడమ్మా, ఈ సిలిండర్ తిరిగి, గుండు గొట్టానికి సరీగ్గా ఎదురొచ్చి ఆగాల. తలుపుకి గడియ పడ్డట్టు కింద నుంచి ఓ మేకు లేచి, సిలిండర్ మీదున్న గుంటలో కూకోవాల. ఇందులో మేకు లేత్తంది గానీ గుంటలో దిగట్లేదు. గుండు గొట్టం అంచుకి కొట్టుకుంది. సీసం సెక్కలై పక్కకెగిరింది. ఇదుగో, అంచుకి ఇంకా అంటుకునే ఉంది."

"అయితే నాను..." అన్నాడు బుల్లిబాబు.

"మీరేటి సేత్తారండి? ఎవరు పేల్చినా అంతే."

బుల్లిబాబు గోడకు తిరిగి భుజాలు అదిరేలా ఏడ్చాడు. వరహాలక్ష్మికి ఏడాది నుంచి గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఆ కిళ్లీ నోటి మనిషి కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. ఇటు నుంచి ఇటే కృష్ణదేవిపేట వెళ్లిపోవాలి, బేగి వెళ్లిపోవాలి.

తాతబ్బాయి మాత్రం ఊరుకోలేదు. రోగం కనిపెట్టాక దాని పుట్టుక చూడనిదే తోచదు అతనికి. "అరిగిపోయిందా అంటే అరగలేదే" అని గొణుక్కుంటూ సూదితో ఒక గుంటలో గీకాడు. బంకలాగ ఎండిపోయిన పెచ్చు లేచింది. తెల్లగుడ్డ మీద నలిపితే ఒకపక్క పసుపు, ఒకపక్క ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వుల నూనె వాసనొత్తంది. ఇదేటి, పసుపూ కుంకాలా?"

ఆ రెండూ అక్కడికెలా వచ్చాయో వరహాలక్ష్మికి తెలుసు. ఏటా ఆయుధపూజకి బుల్లిబాబే రివాల్వర్ని పీట మీద పెట్టి దూరం నుంచి హారతి చూపించేవాడు. కిందటేడు మాత్రం జీడిపిక్కల బేరానికి యలమంచిలి వెళ్లి చిక్కుకుపోతే, పూజ ఆగకూడదని ఆమే చేసింది. సిలిండర్ చుట్టూ గుంటలు చూసి, బొట్లు పెట్టుకోవడానికే చేసినట్టున్నాయని ముచ్చటపడింది. రాలిపోకుండా నూనెలో తడిపి, ఒక్కో గుంటా నింపింది. మర్నాడు పైపైన తుడిచి బీరువాలో పెట్టేసింది. తను ఇంత బాగా అలంకరించానని ఆ రాత్రి ఇల్లు చేరిన మొగుడికి చెప్పుకుని మురిసిపోయింది కూడా.

బుల్లిబాబు వెనక్కి తిరిగాడు. అతనికీ అర్థమైంది. భార్య ముఖం చూసి, కళ్లు తుడుచుకుని, తాతబ్బాయితో మెల్లగా అన్నాడు. "అది కడిగీండి బాబూ. ఇంకేటీ ఎవరికీ సెప్పకండి." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆడు నన్నే అనుకోనీవే. అలవాటైపోనాది. నువ్వంటే ఆడికి తల్లి. అది కూడా పోతే ఆడికేటి మిగులుద్ది?"

అంత మంచి మాట ఆ మనిషి నోట కాపురమంతటిలో ఆమె వినలేదు. వినక్కర్లేకపోతే బాగుండేది. ఒప్పుకుంటే ఎంత హాయి! తన మరిది తనని ఇంకా తల్లిలాగే చూస్తాడు. మొగుడు మాత్రం చచ్చేదాకా తమ్ముడి కన్ను పొడిచినవాడిగా మిగిలిపోతాడు.

బయటికొచ్చి షేర్ ఆటో ఆపింది. "కృష్ణదేవిపేట" అంది. బుల్లిబాబు వద్దన్నాడు, బతిమాలాడు, కసిరాడు. ఆమె ఎక్కి కూర్చుంది. అతనూ ఎక్కక తప్పలేదు.

నాగేంద్ర అరుగు మీద ఉన్నాడు. అన్నని చూసి లేవబోతే, వరహాలక్ష్మి అడ్డంగా నిలబడి అంతా చెప్పేసింది. గుంటలు, నూనె, కుంకుమ, గొట్టం అంచు. ఒక్కటీ దాచలేదు. చివర్లో "మీ అన్న తప్పు లేదు నాయినా, నాదే" అని కూలబడిపోయింది.

నాగేంద్ర మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. తరవాత అడిగాడు.

"ఆ పూజలో ఏటి కోరుకున్నావొదినా?"

అబద్ధం ఆడదామనుకుంది. నోరు రాలేదు. "తోటలో రాత్రులు తిరుగుతావు కదా. నీకేటీ అవకూడదని."

నాగేంద్ర మిగిలిన కంటిని చేత్తో మూసుకున్నాడు. కాసేపటికి లేచి, గుమ్మం దగ్గర దోషిలా నిలబడ్డ అన్న భుజం పట్టుకుని, "లోపలికి రా అన్నయ్యా" అన్నాడు. అంతే, అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు కావలించుకుని బావురుమన్నారు. సాయిలక్ష్మి వాళ్లని లోపలికి తీసుకెళ్లి కంచాలు పెట్టింది.

ఇద్దరూ ఒక్క కప్పు కింద అన్నం తింటున్నారు. ఏడాదిగా వరహాలక్ష్మి అడిగింది అదే. అరుగు మీద కూర్చుని వాళ్ల మాటలు వింటూ, తననీ ఎవరైనా లోపలికి రమ్మంటారేమోనని గుమ్మం వైపు చూస్తూనే ఉంది.