ఎక్స్‌రే కవర్ల పుస్తకం

చింతపల్లి దగ్గరి మా మిషన్ ఆసుపత్రి గురించి పేపర్లో ఒక్క ముక్క పడితే చాలు, రిటైరైన హెడ్ నర్సు ఫ్లోరెన్స్ కత్తెర పట్టుకుని కూర్చుంటుంది. పాత ఎక్స్‌రే కవర్లను గాయాలు కుట్టే దారంతోనే కుట్టి పుస్తకం చేసింది. మైదా బంకలో వేపనూనె చుక్క వేసి, ఒక్కో కవరుకు అటూ ఇటూ రెండు వైపులా వార్తలు అంటిస్తుంది. ఆమె అంటించిందంటే ఉడుం పట్టే. ఈ యాగీ అంతా మందుల గదిలో నా బల్ల మీదే. నా మాత్రలకు కూడా వేప వాసన. అయినా ఆవిడను ఏమీ అనలేను, నేను పుట్టిందే ఆవిడ చేతుల్లో.

వార్షికోత్సవానికి విశాఖ నుంచి పెద్దలు వస్తున్నారని, ఆ పుస్తకాన్ని హాల్లో పెడదామని కొత్త మేనేజరు ఎడ్విన్ అన్నాడు. ఫ్లోరెన్స్ మొహం చాటంతైంది. పేజీలు తిప్పుతూ అతను ఒకచోట ఆగాడు. ‘డోలీలోనే ఆగిన ఊపిరి’. కొండ మీది ఊరి నుంచి కాన్పుకు మోసుకొస్తుంటే దారిలోనే పోయిన రత్నాలు వార్త అది. ఆసుపత్రికి బండి లేదని విలేఖరి మమ్మల్ని ఉతికి ఆరేశాడు.

“ఇది తీసేయండి సిస్టర్. పండగ పూట మన పరువు మనమే తీసుకోవాలా?”

“ఏటి బాబూ, మంచివే అంటించడానికి ఇదేమైనా పెళ్ళి ఆల్బమా?”

“రేపటికి ఉండకూడదు,” అని వెళ్ళిపోయాడు.

ఫ్లోరెన్స్ దిగులుగా కూలబడింది. ఎందుకో నాకు తెలుసు. రత్నాలు మొగుడు సోంబరు సంతకు దిగినప్పుడల్లా మిరియాలు అమ్ముకుని నేరుగా ఇక్కడికే వస్తాడు, ఆ పేజీ చూడటానికి. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోనూ విలేఖరి పట్టుకెళ్ళాడు, తిరిగివ్వలేదు. పెళ్ళాం మొహం అతనికి మిగిలింది ఆ కాగితం మీదే.

మర్నాడు సంత. పేజీ తీశారో లేదో చూడటానికి ఎడ్విన్ వచ్చిన వేళకే సోంబరూ వచ్చాడు. నా నోరు ఊరుకుంటుందా? సంగతంతా కక్కేశాను. ఎడ్విన్ నొచ్చుకున్నాడు. చెడ్డవాడు కాదు పాపం, పెద్దలంటే భయం, అంతే.

“పోనీ, కోసి నీకే ఇచ్చేస్తాం సోంబరూ. ఇంట్లో దాచుకో.”

సోంబరు తలగుడ్డ విప్పి చేతులు తుడుచుకున్నాడు. “వద్దు బాబూ, మా ఇంట సెదలు. అయినా దీన్ని కోత్తే ఎనకది కూడా తెగిపోద్ది.”

పేజీ తిప్పి చూపించాడు. చదువు రాకపోయినా అక్కడేముందో అతనికి తెలుసు. రత్నాలు వార్త చదివి ఎవరో దాతలు పంపిన అంబులెన్సు, మెడలో దండలతో మా గేటు ముందు నిలబడి ఉంది. హాల్లో అందరికీ కనపడేలా పెట్టాలని ఎడ్విన్ ముచ్చటపడిన పేజీ అదే.

సోంబరు ఆ బండిని వేలితో తడిమాడు. మళ్ళీ పేజీ తిప్పి భార్య మొహం దగ్గర ఆగాడు.

“ఆ బండి మా రత్నాలే తెచ్చింది బాబూ. అదొక్కత్తే ఎక్కనేదు.”

ఫ్లోరెన్స్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఎడ్విన్ పుస్తకాన్ని రత్నాలు పేజీ దగ్గరే తెరిచి, రెండు చేతులా పట్టుకుని హాల్లోకి నడిచాడు.