ఒప్పుకుంటే ఇంటికి

ఐడెల్లా సంచి సర్దుతోంది. ఇస్త్రీ చొక్కా, గోధుమరంగు ప్యాంటు, కొత్త మేజోళ్ళు. తీర్పయ్యాక కొడుకు రూఫస్, లాయరు అరువిచ్చిన కోటుతో ఇంటికి రాకూడదని ఆమె పట్టుదల. బెల్టు పెట్టింది, తీసింది.

"పెట్టక్కా. జైలు తిండికి ఎంత చిక్కిపోయాడో! కోర్టు మెట్ల మీద ప్యాంటు జారిందంటే జడ్జి మళ్ళీ లోపలేస్తాడు," అంది మోజెల్, గుమ్మంలో నిలబడి, చేపల నీచు పోయేలా నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుంటూ.

ఇద్దరూ చేపల ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి చర్మం ఒలుస్తారు. కోర్టుకు వెళ్ళే రోజున అక్కడి ఆడవాళ్ళు చేతులకు నిమ్మకాయ రుద్దుకోవడం మామూలే. పని మానేసినందుకు ఆ రోజు కూలి లేదు. మిసిసిపీలో 1987 మే నెల, పొద్దున్నే ఉక్కపోత.

పెట్రోలు బంకులో దోపిడీ జరిగిన సాయంత్రం రూఫస్ మోజెల్ వంటింట్లో కుళాయి బిగిస్తున్నాడు. ఆ సంగతి ఎరిగిన మనిషి మోజెల్ ఒక్కతే. బంకు యజమాని మాత్రం రూఫస్‌నే వేలెత్తి చూపించాడు.

కోర్టులో బోనెక్కి మోజెల్ చూసింది చూసినట్టు చెప్పింది. ప్రభుత్వం తరఫు లాయరు నెమ్మదిగా లేచాడు.

"ఎనిమిదేళ్ళ కిందట, చెల్లని చెక్కు ఇచ్చి మోసం చేసినందుకు మీకు శిక్ష పడింది కదమ్మా?"

రూఫస్ లాయరు టాల్బట్ అభ్యంతరం చెప్పాడు. సాక్షి మాటను నమ్మవచ్చో లేదో తేల్చుకోవడానికి జ్యూరీకి అది తెలియాలన్నాడు జడ్జి. టాల్బట్ కూర్చున్నాడు.

"పడింది," అంది మోజెల్. "చెక్కు రాసింది మా ఆయన. ఒప్పుకుంటే ఈ పూటే ఇంటికి పోవచ్చన్నారు. పాలు తాగే పిల్ల పక్కింట్లో ఏడుస్తోంది. ఒప్పుకున్నాను."

"ప్రమాణం చేసే ఒప్పుకున్నారా?"

"చేసే."

"అంటే, అవసరమైతే ప్రమాణం చేసి కూడా అబద్ధం చెప్పగలరన్నమాట."

మోజెల్ తన వేళ్ళకేసి చూసుకుంది. జ్యూరీలో ఒకావిడ కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆ తర్వాత కుళాయి సంగతి ఎవరూ అడగలేదు.

వాళ్ళ పేటలో అందరూ అలాగే ఒప్పుకునేవారు. జామీను కట్టలేనివాళ్ళకు అది ఇంటికి దారి. సోమవారం పట్టుకుంటే మంగళవారం తలూపి, బుధవారం పనిలోకి పోయేవారు.

భోజనాల విరామంలో వరండాలోకి టాల్బట్ వచ్చాడు. "ఇప్పటికైనా ఒప్పుకుంటే మూడేళ్ళు. జ్యూరీ తీర్పు దాకా పోతే ఇరవై."

బెంచీ మీద సంకెళ్ళతో కూర్చున్న కొడుకు చెయ్యి పట్టుకుంది ఐడెల్లా. "ఒప్పుకోరా నాన్నా. మూడేళ్ళేగా. అప్పటికి నేను బతికే ఉంటాను."

రూఫస్ మోజెల్ వైపు తిరిగాడు. "పిన్నీ, నువ్వేమంటావు?"

"నన్నడక్కురా. నా మాటకి ఇప్పుడు విలువేముంది?" అంది మోజెల్. "ఆ రోజు ఇంటికెళ్ళి పిల్లకి పాలిచ్చాను. దాంతో అయిపోయిందనుకున్నాను."

"నేను చెయ్యలేదమ్మా. చేశానని చెప్పను."

"ఇంటికి రావాలిరా!"

"వస్తాలే. రేపు నీకేదన్నా అయితే, చూసింది నేనొక్కడినే అయితే? అప్పుడు నా మాట ఎవడు నమ్ముతాడు?"

టాల్బట్ చేతిగడియారం చూసుకున్నాడు.

"ఒప్పుకోనని చెప్పండి," అన్నాడు రూఫస్.

జ్యూరీ గంటలోపే తిరిగి వచ్చి దోషి అంది. ఐడెల్లా సంచి అందించబోతే, బయటి బట్టలు లోపలికి పనికిరావన్నాడు పోలీసు. ఆమె సంచిని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెనక్కి వచ్చింది. పక్కన మోజెల్ కూర్చుంది. మర్నాడు ఇద్దరూ చేపల దగ్గర నిలబడ్డారు.

రూఫస్ ఇంటికి రాలేదు. 1991 ఫిబ్రవరిలో జైలు ఆసుపత్రిలో చనిపోయాడు.